పాటలో ఒకటి, పుస్తకంలో ఒకటి: ఏది నిజమని పిల్లోడు అడిగితే ఏం చెప్పాలి?

పత్తికొండ_సోషల్:

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లాలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను, ఎనిమిది నుంచి పది దాకా. పోయిన ఎండాకాలం మా వైపు ఒక తెలుగు పండితుడు చనిపోతే, ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్న ఊర్లు తిరిగి రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఒక పెట్టెడున్నాయి సార్, పాత సామాన్లాయన కేజీ లెక్కన కూడా వద్దంటున్నాడు, మీకేమన్నా పనికొస్తాయా" అని. బండి మీద వెళ్ళి తెచ్చుకున్నా. బిస్కెట్ల అట్టపెట్టెలో 23 క్యాసెట్లు, ఒక్కోదాని మీద నీలం ఇంకుతో ఊరి పేరు, ఏం పాటో, అంతే. తంబుర కథలున్నాయి, చెక్కభజనలున్నాయి, పీర్ల పండగ పాటలు, కలుపు పాటలు, రెండు క్యాసెట్ల నిండా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ.

మన సీమ చరిత్ర పాఠ్యపుస్తకంలో ఎంతుంటుందో మీకు తెలిసిందే. అందుకని ఆశపడి నరసింహారెడ్డి కథ తొమ్మిదో తరగతిలో డిజిటల్ ప్యానెల్‌కు కలిపి వేశాను. 25 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు చీమ చిటుక్కుమన్లేదు. ఆ తర్వాత వెనక బెంచీల్లో గుసగుసలు, పాడే ఆయన యాసకు నవ్వులు (వీళ్ళింట్లో మాట్లాడేదీ అదే యాస, అది వేరే సంగతి), పన్నెండో నిమిషానికి ఒకడు నిద్రపోయాడు. చివర్లో ఒక పిల్లోడు లేచి అడిగాడు: "సార్, పుస్తకంలో నాలుగు లైన్లుంది, పాటలో గంటసేపుంది, సినిమాలో ఇంకోరకంగా ఉంది. పరీక్షలో యాది రాయాల?"

పుస్తకంలోదే రాయి అన్నాను. వాడు కూర్చున్నాడు. కానీ ఆ జవాబు నాకే నచ్చలేదు. గంట తర్వాత హెచ్ఎం గారు పిలిచి పోర్షన్ ఎంతవరకు వచ్చిందని అడిగారు, సాయంత్రం ఒక తండ్రి ఫోన్ చేసి బళ్ళో బుర్రకథలు వేస్తున్నారంట కదా అన్నాడు.

ఇలాంటి పాత రికార్డింగులతో ఎవరైనా నిజంగా పాఠం చెప్పారా? చెప్పి ఉంటే 40 నిమిషాల పీరియడ్‌లో ఎలా ఇమిడ్చారు? ఆ పిల్లోడికి నేను ఏం చెప్పి ఉండాల్సింది?


కుందూ_గట్టు:

సార్, మొదట మీ పొరపాటు చెప్తా, ఏమనుకోవద్దు. 25 నిమిషాల పాట ఒకే బిగిన వేయడం. రాత్రంతా కూర్చుని వినే పాట అది, మధ్యలో బీడీ తాగి, టీ తాగి, పిల్లల్ని నిద్రపుచ్చి వినేది. బెంచీ మీద కూర్చోబెట్టి వినిపిస్తే ఎవరికైనా నిద్రొస్తుంది. నేను మూడు నిమిషాల ముక్క ఒకటే తీసుకుంటాను, రెండుసార్లు వేస్తాను. మొదటిసారి పెన్ను కింద పెట్టి వినాలి. రెండోసారి ఆ చరణాలు రాసిన జిరాక్సు కాగితం ఇస్తాను, తెలియని మాట కింద గీత గీసుకుంటూ వినాలి.

నరసింహారెడ్డి పాఠం నేను మూడేళ్ళుగా ఇలా చెప్తున్నా. పాటలో గుర్రం, కత్తి, కొండ, తల్లి, శపథం ఉంటాయి. డబ్బు మాట అంతగా వినపడదు. కాగితాల దగ్గరికొస్తే అంతా డబ్బే. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంపిణీకి రాసిచ్చాడు, మన్రో కలెక్టరుగా వచ్చి పాలెగాళ్ళ బలగాలు తీసేయించి, కొన్ని కుటుంబాలకు భరణం కట్టాడు. దాన్నే తవర్జీ అన్నారు. అది వాటాలు పడీ పడీ నరసింహారెడ్డి దగ్గరికి వచ్చేసరికి నెలకు పదకొండు రూపాయల చిల్లర. 1846లో ఆ డబ్బుకు మనిషిని పంపితే కోయిలకుంట్ల తాసిల్దారు అవమానించి వెనక్కి పంపడం, జూలైలో ఖజానా మీద దాడి, 1847 ఫిబ్రవరి 22న ఉరి. ఇదంతా బోర్డు మీద రాసి అడుగుతా: పదకొండు రూపాయల కోసం ఎవడైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటాడా? క్లాసు అక్కడ రెండుగా చీలిపోతుంది. డబ్బు కాదు సార్, మాట పడినందుకు అంటారు కొందరు. ఊర్లలో రైతుల కష్టం లేకపోతే ఆయన వెనక అంతమంది ఎందుకు నడుస్తారు అంటారు ఇంకొందరు. నేను తీర్పు చెప్పను.

తర్వాత నోటుబుక్కులో మూడు గళ్ళు గీయమంటాను. పాటలో మాత్రమే ఉన్నవి, కాగితాల్లో మాత్రమే ఉన్నవి, రెండింట్లోనూ ఉన్నవి. మూడో గడి నింపడానికి తంటాలు పడతారు, అదే నాకు కావాల్సింది. ఒకసారి ఒక అమ్మాయి లేచి, సార్, పాట ఆయన పక్కన నిలబడి చెప్తోంది, కాగితం తెల్లోళ్ళ పక్కన నిలబడి చెప్తోంది, పక్కన నిలబడకుండా చెప్పినోళ్ళు ఎవరూ లేరా అంది. ఆ రోజు నాకు జీతం గిట్టుబాటయింది.

ఇంకొకటి. ఆయన తలను 1877 దాకా కోయిలకుంట్ల కోట మీద వేలాడదీసి ఉంచారంటారు. ముప్పై ఏళ్ళు! అంటే ఉరి నాడు పుట్టిన పిల్ల పెళ్ళయి, బిడ్డల్ని కని, ఆ బిడ్డల్ని చంకనేసుకుని సంతకు వచ్చినా అది అక్కడే ఉందన్నమాట. ఆ సంగతి చెప్పి మళ్ళీ ఆ మూడు నిమిషాల ముక్క వేయండి. ఈసారి ఎవరూ నవ్వరు.

మీకు దస్తావేజులు వెతికే ఓపిక ఉంటే ఒక మెలిక గుర్తుపెట్టుకోండి. అప్పట్లో కోయిలకుంట్ల కడప జిల్లా. 1858లో కర్నూలుకు మారింది, 2022లో నంద్యాలకు వచ్చింది. కర్నూలు కాగితాల్లో వెతికితే దొరకదు, కడప కలెక్టరు రాతల్లో వెతకాలి. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలే మారాయి, పిల్లలకు ఇది భలే తమాషాగా ఉంటుంది.


మార్కుల_లెక్క:

నేను లెక్కల మాస్టర్ని, మీ మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఎవరూ అడగట్లేదు కాబట్టి నేను అడుగుతా. ఈ పాటలు ఎవరు ఎవరి కోసం పాడారు? గింజలు పెట్టే పెద్ద ఇళ్ళ ముందు నిలబడి ఆ ఇళ్ళను పొగిడిన పాటలు కావా? వాటిని తెచ్చి చరిత్ర అని చెప్తే రేపు ప్రతి కులం వాళ్ళూ మా పాట ఏది అంటారు. మా బళ్ళో ఇలాగే ఒక వీరుడి పాట ఆగస్టు పదిహేనుకు వేస్తే ఒక గుంపు పిల్లోళ్ళు ఈలలు వేసి, ఆ సాయంత్రమే స్టేటస్‌లు పెట్టుకున్నారు, మర్నాడు ఇంకో గుంపు వేరే పాట పెట్టింది, మూడో రోజు సైకిల్ స్టాండ్ దగ్గర కొట్టుకున్నారు. మన జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. పదో తరగతి రిజల్ట్ టెన్షన్ చాలదా మనకు?


పత్తికొండ_సోషల్:

లెక్కల మాస్టారూ, మీ మాట కొట్టేయలేను. మా క్లాసులోనూ ఒక మూల నుంచి ఈల వచ్చింది, ప్రశ్నలో ఆ సంగతి రాయలేదు.


కుందూ_గట్టు:

ఈల వస్తుంది. దానికి భయపడి పాట మానేస్తే వాడికి ఆ పాట వాట్సాప్‌లోనే వినపడుతుంది, మూడు గళ్ళు లేకుండా. నేను చేసేదేంటంటే అదే ఊరి రెండో పాట వెంటనే వేస్తాను. ఉయ్యాలవాడ వాడే బుడ్డా వెంగళరెడ్డి, 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన మనిషి, ఆయన మీదా మన దగ్గర పాటలున్నాయి. ఆయనకు విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఒకే ఊరు, ఇరవై ఏళ్ళ తేడా. ఒకరిని కుంపిణీ ఉరి తీసింది, ఇంకొకరికి రాణి పతకం ఇచ్చింది, ఊరి జనం మాత్రం ఇద్దరినీ పాటలో పెట్టుకున్నారు. ఇద్దరూ ఒకే కులం. మరి ఎందుకు ఇంత తేడా అని అడగండి. కులంతో జవాబు రాదు కాబట్టి ఈల వేసినవాడు కూడా వేరేగా ఆలోచించాల్సి వస్తుంది.


రోడ్డు_పక్క_టీ:

ఇంత కష్టం ఎందుకు అన్నా, సినిమా క్లిప్ వేస్తే సరిపోదా? 😀


కుందూ_గట్టు:

వేస్తాం తమ్ముడూ, నాలుగో గడి గీసి.


సంగటి_ముద్ద:

నేను అనంతపురం జిల్లాలో తెలుగు టీచర్ని. మీరంతా వీరుల దగ్గరే ఆగిపోయారు సార్లూ. పత్తికొండ సార్ పెట్టెలో కలుపు పాటలు కూడా ఉన్నాయని మొదటి పేరాలోనే రాశారు, ఒక్కరైనా వాటి గురించి అడిగారా?

లెక్కల మాస్టారు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అక్కడే ఉంది. కలుపు పాట ఎవరి ముందూ నిలబడి పాడేది కాదు, గింజల కోసం పాడేది కాదు. నడుము వంచి శెనక్కాయ చేన్లో సాలు పట్టుకుని పోతూ ఒకామె ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు అందుకునేది. పొగడ్త తక్కువ, తిట్లు ఎక్కువ. అత్తను, మొగుణ్ణి, మేస్త్రీని, కురవని మబ్బుని తిడతారు. మా జేజి పాడేదాన్లో ఒక కోడలు చీమల పుట్ట తవ్వి గింజలు ఏరుకొచ్చి, చేటలో చెరిగి, దంచి, అంబలి కాస్తుంది. చిన్నప్పుడు నేను దాన్ని కట్టుకథ అనుకున్నా. కరువుల్లో జనం నిజంగానే చీమల పుట్టలు తవ్వి గింజలు తీసుకున్నారని చాలా ఏళ్ళకు చదివాను. బతికుంటే బలుసాకు తినొచ్చు అని మనం ఊరికే అనేస్తుంటాం కదా, ఆ మాట కూడా ఏదో ఒక కరువు మిగిల్చిపోయిందే అయ్యుంటుంది.

ఆ పాటలో "దాతు కరువులో" అని ఒక మాట వస్తుంది. పిల్లలు దాత అంటే దానం చేసేవాడు అనుకున్నారు! ధాత అన్నది సంవత్సరం పేరు. మన సంవత్సరాలు అరవై, తిరిగి తిరిగి వస్తాయి. 1996 ఉగాదికి మొదలైంది ధాత. అందులోంచి అరవై తీస్తే 1936, ఇంకో అరవై తీస్తే 1876. అదే 1876-78 మహా కరువు, ధాతలో మొదలై ఈశ్వరలోకి సాగింది. ఈ తీసివేత లెక్క పిల్లలతోనే చేయిస్తాను. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లూ చార్టు మీద రాసి గోడకు అంటించాం, ఇప్పుడు ఏ పాట విన్నా సంవత్సరం పేరు దొరుకుతుందా అని వెతుకుతుంటారు. తేదీ లేని పాటకు తేదీ కట్టడం ఇట్లా వస్తుంది. కుందూ సార్, మీ నరసింహారెడ్డి తిరుగుబాటు, ఉరి అన్నీ కలిపి ఒకే సంవత్సరంలో జరిగాయి, అది ఏ సంవత్సరమో తెలుసా? పరాభవ. మా పిల్లోడు ఒకడు లెక్కేసి చెప్పాడు, తాసిల్దారు చేసింది కూడా అదే కదా మేడం అని.

కరువు పాఠం రోజు స్టోర్ రూంలోంచి త్రాసు తెప్పించాను. 1877 మొదట్లో కరువు పనులకు వచ్చిన మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనిషిని నిలబెట్టే తిండి కాదని గట్టిగా వాదించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మధ్యాహ్న భోజనం బియ్యంలోంచి అంత తూచి పేపర్ ప్లేటులో పోసి బల్ల మీద పెట్టాను. "ఇంతేనా" అని ఒకడు, "ఇంతుందే" అని ఇంకొకడు. సరే, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రాళ్ళు మోసి, ఇది తిని, ఇందులోంచే ఇంట్లో ముసలామెకు కూడా పెట్టాలి అన్నాను. వంటామె అటుగా పోతూ ఆగి చూసి, దీంతో ఇద్దరు పిల్లోళ్ళకు ఒక పూట అన్నది. అప్పుడు పాట వేశాను. తర్వాత 1871, 1881 జనాభా లెక్కలు. కర్నూలు జిల్లాలో ఆ పదేళ్ళలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. మా క్లాసులో 44 మంది. పదకొండు మందిని లేచి గోడ దగ్గర నిలబడమన్నాను. అంతకుమించి ఏం చెప్పలేదు, బెల్లు కొట్టేశారు.

వీరులు వద్దని కాదు. ఆడవాళ్ళ మీద వీరగాథలు కూడా మన దగ్గర ఉన్నాయి, వాటిని ఇంకా జాగ్రత్తగా వినాలి. మా బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ ఈ వైపు అందరికీ తెలుసు, కట్టమంచి రామలింగారెడ్డి గారు కావ్యం కూడా రాశారు. చెరువు కట్ట తెగబోతుంటే చిన్న కోడలు గండికి బలి అయి ఊరిని కాపాడింది. పిల్లలకు కళ్ళలో నీళ్ళొస్తాయి. నేను దాని పక్కన కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం పెడతాను, 1369 నాటిది. అందులో చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు చెప్పి, వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా రాశారు. శాసనంలో వెయ్యిమంది ఉన్నారు, ఒక్కరి పేరు లేదు. పాటలో ఒక్కతే ఉంది, పేరుంది, కానీ ప్రాణం లేదు. మా పిల్లలకు ఈ రెండూ ఇచ్చి, చెరువు ఎవరు కట్టారు అని ఒక పేజీ రాయమన్నాను. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు మార్కులు దానికే వేశాను, కాబట్టి పోర్షన్ ఏమైందని ఎవరూ అడగలేదు. మీ హెచ్ఎం గారికీ ఈ దారి చూపించండి.


టేప్_మామ:

కడప నుంచి. పాఠాలు చెప్పడం నాకు తెలీదు, టేపులతో మాత్రం ముప్పై ఏళ్ళు గడిపాను. పత్తికొండ సార్, ఆ 23 క్యాసెట్లు బళ్ళో ప్లేయర్లో పెట్టి మాటిమాటికీ వెనక్కి తిప్పకండి, దయచేసి. అంత పాతవాటిలో టేపును హెడ్డుకు ఆనించే చిన్న స్పాంజి ముక్క ఉంటుంది చూడండి, అది జిగురు ఎండి రాలిపోయి ఉంటుంది. అది లేకపోతే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు వస్తుంది, పాట పాడైపోయిందని మీరు పక్కన పడేస్తారు. పాట బాగానే ఉంటుంది. ఐదు స్క్రూల పాత ఖాళీ క్యాసెట్ ఒకటి విప్పి, మీ టేపు చక్రాలు రెండూ దాంట్లోకి మార్చండి. కూల్‌డ్రింక్ తాగుతూ చేయొద్దు. తర్వాత ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి లాప్‌టాప్‌కు వైరు పెట్టి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకోండి, అది ఉచితమే. అసలు కాపీని ఏ చప్పుడూ తగ్గించకుండా వేవ్ ఫైలుగానే ఉంచండి. కుక్కల అరుపులు, పిల్లల ఏడుపులు, "ఓయ్ లాంతరు పైకెత్తు" అనే మాటలు కోసేయొద్దు. లాంతరు అన్నారంటే ఆ రాత్రి అక్కడ కరెంటు లేదని తెలిసింది కదా, అదీ మీ సోషల్ పాఠమే. క్లాసుకు కావాల్సిన మూడు నిమిషాలు వేరే కాపీలోంచి కోసుకోండి.

పెట్టె మీద రాసినవి రాసినట్టే ఫోటో తీసి పెట్టుకోండి, కానీ పిల్లలకు చూపించే కాగితం మీద అలాగే దించొద్దు. ఆ రోజుల్లో మేమంతా పాడే ఆయన పేరు రాసేవాళ్ళం కాదు, కులం పేరే కళ పేరుగా రాసేసేవాళ్ళం, తప్పు మాదే. పేరు వెతికి పట్టుకోండి. క్యాసెట్ మొదట్లోనో చివర్లోనో తానే చెప్పుకుని ఉంటాడు, కథ పాడేవాళ్ళకు ఆ అలవాటుంది.

హక్కుల సంగతి. క్లాసులో పాఠం కోసం వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 మినహాయింపు ఇస్తుంది, భయపడక్కర్లేదు. యూట్యూబ్‌లో పెట్టడం అలా కాదు. పాడినవాళ్ళకు యాభై ఏళ్ళ పాటు హక్కుంటుంది, ఆ మనిషో వాళ్ళ పిల్లలో ఉంటే అడిగి, ఒప్పుకుంటేనే పెట్టండి. మా ఆకాశవాణి కడప 1963 నుంచి ఉంది, ఇట్లాంటి పాటలు ఆ గాలిలో ఎన్ని పోయాయో.

అన్నట్టు మీరుండేది పత్తికొండ వైపే కదా. మన్రో కలరా వచ్చి చనిపోయింది మీ దగ్గరే, 1827 జూలై 6. మా వేంపల్లె పక్కన గండిలో, పాపఘ్ని రెండు కొండల మధ్య నుంచి దూకే చోట, ఆయనకు బంగారు తోరణం కనపడిందనీ, అది కనపడినవాళ్ళు ఎక్కువ రోజులు బతకరనీ చెప్తారు. గుత్తి వైపు పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. పాలెగాళ్ళ నడుము విరిచినవాడికి తోరణం కట్టారు, పాలెగాడి మనవడికి పాట కట్టారు. మీ మూడు గళ్ళలో దీన్ని ఏ గడిలో వేస్తారో మీరే చూసుకోండి, నాకైతే అర్థం కాలేదు.


మార్కుల_లెక్క:

సంగటి మేడం, ఆ 44లో పదకొండు మంది గోడ దగ్గర నిలబడ్డం మాత్రం నేను వాడుకుంటా, శాతాల పాఠంలో. పాట లేకుండానే.


సంగటి_ముద్ద:

వాడుకోండి సార్. పాట తర్వాత మీరే అడుగుతారు.


పత్తికొండ_సోషల్:

అందరికీ థాంక్స్. పదిహేను రోజులు ఆలస్యంగా రాస్తున్నా, మధ్యలో పరీక్షలు.

మామ చెప్పినట్టే చేశాను. స్పాంజి ముక్క నిజంగానే రాలిపోయి అడుగున పడి ఉంది. నరసింహారెడ్డి రెండో క్యాసెట్ చివర్లో పాడినాయన తన పేరు, ఊరు చెప్పుకున్నాడు. ఇక్కడ రాయను. ఆ ఇంటి పేరు మా తొమ్మిదో తరగతి హాజరు పట్టీలో ఉంది.

ఆ ఇంటి పిల్లోడు మొదటి రోజు అందరూ యాసకు నవ్వుతుంటే తల దించుకుని డెస్కు మీద గోటితో గీస్తూ కూర్చున్నవాడే. నాకప్పుడు తెలీదు. పక్కకు పిలిచి అడిగితే, "మా తాత సార్" అన్నాడు. వాడు పుట్టకముందే పోయాడంట. ఇంట్లో ఫోటో ఉంది కానీ గొంతు ఎప్పుడూ వినలేదంట, మొదటి రోజు నేను వేసినప్పుడు కూడా తెలీదు, ఊరి పేరు విని అనుమానం వచ్చిందంతే. వాళ్ళ నాయన ఇప్పుడు కథ చెప్పడు, బేల్దారి పనికి పోతాడు. రికార్డింగు వాడి చేతికే ఇచ్చి ఇంట్లో వినిపించి రమ్మన్నాను, వాళ్ళు సరే అంటేనే క్లాసులో మళ్ళీ వేస్తానని చెప్పి.

మూడు రోజుల తర్వాత వాడు ఒక మాట మోసుకొచ్చాడు. వాళ్ళ నాయన పాట మొత్తం విని, ఇక్కడ నాయన ఒక చరణం ఎగ్గొట్టినాడే అన్నాడంట. ఎందుకంటే ఆ రాత్రి కథ ఆడించింది ఫలానా ఇంటివాళ్ళు, ఆ చరణంలో నరసింహారెడ్డిని పట్టించినవాడి ఇంటిపేరు వస్తుంది, వాళ్ళకు ఆ ఇంటితో చుట్టరికం. ఆ ఊర్లో పాడేటప్పుడు ఆ చరణం ఎప్పుడూ పాడరంట. పక్క ఊర్లో పాడేటప్పుడు రెండుసార్లు పాడతారంట!

లెక్కల మాస్టారూ, మీరు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే మంచి సాక్ష్యం నా దగ్గర లేదు. గింజలు ఎవరు పెట్టారో దాని ముద్ర పాట మీద నిజంగానే ఉంది. ఇప్పుడు నా గళ్ళు నాలుగయ్యాయి, నాలుగోది "పాడకుండా వదిలేసినవి". పుస్తకానికీ అదే గడి గీయించాను. పుస్తకం ఎవరి ఊర్లో పాడుతోంది, ఏ చరణం ఎగ్గొట్టింది అని. మొదట పరీక్షలో ఏది రాయాలని అడిగినవాడు అరపేజీ రాశాడు, కడప కాగితాల దాకా పోయాడు. వాడికి చెప్పాల్సిన జవాబు నేను చెప్పలేదు, బేల్దారి మేస్త్రీ చెప్పాడు.

తాత పాట వేసేటప్పుడు ఎవరూ నవ్వలేదని రాయాలనుంది కానీ ఇద్దరు నవ్వారు. మనవడు వెనక్కి తిరిగి చూశాడు, ఆపేశారు.

ఇప్పుడొక సాయం కావాలి. వచ్చే నో బ్యాగ్ డే నాడు వాళ్ళ నాయన బడికి వచ్చి ఆ ఎగ్గొట్టిన చరణం పాడతానన్నాడు. వాళ్ళ తంబుర ఎప్పుడో అమ్మేసుకున్నారు, గుమ్మెట ఒకటి అటక మీద ఉంది, చర్మం చిరిగింది. ఆదోని, గుత్తి, ఎమ్మిగనూరు వైపు ఎవరి దగ్గరైనా కథకు పనికొచ్చే తంబుర ఉంటే చెప్పండి. ఒక్క రోజుకు చాలు, నేనే వచ్చి తీసుకెళ్ళి నేనే తెచ్చిస్తాను.